రక్షణకు బాప్తిస్మ మావశ్యకమా?

బాప్తిస్మము పొందకయే మరణించిన మనుష్యునకు దేవుని రాజ్యమున చోటు కలదా లేదా యను ప్రశ్న క్రైస్తవ సంఘమును పుట్టిన నాటినుండి నేటివరకు విడువక వెంబడించుచున్నది. ఈ ప్రశ్నకు ఔననియో కాదనియో ఒక్క మాటలో బదులు చెప్పి యూరకొన్న సంఘము దాదాపుగా లేదు. బాప్తిస్మ మావశ్యకమని గట్టిగా చాటిన సంఘములు సైతము ఏదో యొక చోట మినహాయింపును కల్పించుకొన్నవి. రక్షణ కేవలము విశ్వాసమూలముననే యని చాటిన సంఘములలో పెక్కు ఆ సంస్కారమును ప్రాణపదముగా కాపాడుకొనుచునే వచ్చినవి. కనుక ఆయా సంఘముల విశ్వాసప్రమాణములలోని వాక్యములను వరుసగా పేర్చి చూచినంత మాత్రమున మన కీ విషయము బోధపడదు. నీరు దొరకకయో, కాలము చాలకయో, అన్యు లడ్డుపడుటచేతనో బాప్తిస్మము లేకయే కన్నుమూసినవారిని గూర్చి ఒక సంఘ మేమి పలికినదో, వారి నెక్కడ పాతిపెట్టనిచ్చినదో, వారి తల్లుల నే మని యోదార్చినదో పరిశీలించినప్పుడే దాని నిజమైన విశ్వాసము వెల్లడి యగును. ఈ వ్యాసమున నే ననుసరింపబోవు మార్గ మిదియే.

మొదట లేఖనముల సంగతి. ఆవశ్యకమను పక్షమువారికి నూతన నిబంధనలో బలమైన యాధారములు కలవు. రాత్రివేళ తన్ను దర్శింపవచ్చిన నీకొదేమునకు, దేవుని రాజ్యప్రవేశమునకు నీటివలనను ఆత్మవలనను కలుగు క్రొత్త పుట్టుక వలయునని యేసు బోధించినట్లు యోహాను సువార్త మూడవ యధ్యాయము తెలుపుచున్నది. పెంతెకొస్తు దినమున మనస్సు నొచ్చి తమ కర్తవ్య మేమని యడిగిన జనసమూహమునకు పేతురు మారుమనస్సును, పాపక్షమాపణ నిమిత్తమైన బాప్తిస్మమును ఒకే వాక్యమున విధించెను. ఆనాడు చేరినవారు ఇంచుమించు 3,000 మంది. దమస్కులో చూపు గోల్పోయి యుండిన సౌలుతో అననీయ పలికిన పలుకులలో బాప్తిస్మమును పాపప్రక్షాళనమును జంటగానే వచ్చినవి. పేతురు మొదటి పత్రిక యైతే నోవహు కాలపు జలప్రళయమును బాప్తిస్మమునకు ఛాయగా జూపి, అది యిప్పుడు మనలను రక్షించుచున్నదని తెగించి చెప్పి, ఆ వెంటనే ఒంటి మురికిని కడుగుట దాని పని కాదనియు, అది మంచి మనస్సాక్షితో దేవుని యెదుట చేయు విన్నపమనియు విశదపరచినది. మార్కు సువార్త చివర విశ్వాసమును బాప్తిస్మమును రక్షణతో ముడివేసిన మాట యొకటి కలదు గాని, శిక్షావిధిని తెలుపు దాని రెండవ భాగము అవిశ్వాసమును మాత్రమే పేర్కొనుచున్నది. పైగా ఆ సువార్తలోని చివరి పండ్రెండు వచనములు నాల్గవ శతాబ్దికి చెందిన రెండు ప్రాచీన ప్రతులలో లేనేలేవు. కావున ఆ యొక్క వచనముపై సిద్ధాంతసౌధము నిలుపబూనుట క్షేమము కాదు.

రెండవ పక్షమువారు మొట్టమొదట సిలువమీది దొంగను సాక్షిగా పిలుతురు. అతనికి నీరు లేదు, సంఘము లేదు, సత్క్రియలు చేయుటకు దినములు లేవు. ఐనను ఆ దినముననే పరదైసు అతనికి వాగ్దానము చేయబడినది. పౌలు కొరింథీయులకు వ్రాయుచు, తాను క్రిస్పునకును, గాయియునకును, స్తెఫను ఇంటివారికిని దక్క మరెవ్వరికి బాప్తిస్మ మిచ్చినట్లు తనకు జ్ఞాపకము లేదనియు, తన్ను క్రీస్తు పంపినది సువార్త ప్రకటించుటకే యనియు చెప్పెను. రక్షణకు నీటిస్నాన మనివార్య మని తలచినవాడు ఇంత తేలికగా మాటలాడి యుండునా యని వీరి ప్రశ్న. ఇది తగిన ప్రశ్నయే. కాని ఆ పౌలే రోమీయులకు వ్రాసిన పత్రికలో బాప్తిస్మమును క్రీస్తుతో కూడ సమాధి చేయబడుటగా వర్ణించి, క్రైస్తవుని నూతన జీవితమంతయు ఆ క్రియలోనే మొదలగునట్లు మాటలాడెను.

నా దృష్టిలో ఈ వివాదమున కంతటికిని కేంద్రము అపొస్తలుల కార్యముల పదియవ యధ్యాయమందలి కొర్నేలి కథ. కైసరయలో ఆ రోమా శతాధిపతి యింట పేతురు ప్రసంగించుచుండగనే, ప్రసంగము ముగియకమునుపే, సున్నతి లేని యా యన్యజనులమీదికి పరిశుద్ధాత్మ దిగివచ్చెను. ఆత్మ నీటికొఱకు వేచి యుండలేదు. ఇంతవరకు ఒక పక్షమువారు చదివి సంతోషింతురు. కాని పేతురు అప్పుడేమి చేసెను? ఆత్మయే వచ్చినది గదా, ఇక నీ రెందులకని యనలేదు. ఆత్మను పొందినవారికి నీటి నెవ్వడు నిషేధింపగలడని యడిగి, బాప్తిస్మ మిప్పించెను. దేవుడు నీటిని మించి పనిచేయు ననుటయు, అట్లు పనిచేసిన చోటను సంఘము నీటిని మానరాదనుటయు ఈ యొక్క కథలోనే యున్నవి. రెండువేల యేండ్ల వివాదములో పెక్కుమంది ఈ రెండింటిలో ఒకదానిని చేపట్టి రెండవదానిని జారవిడిచిరని నా తలంపు.

ఆదిమ శతాబ్దులలో ఈ సమస్య హతసాక్షుల మరణములతో తలయెత్తినది. బాప్తిస్మమునకు సిద్ధపడుచు ఉపదేశము వినుచుండిన వారిని రోమా యధికారులు పట్టి చంపినప్పుడు వారి గతి యేమి? సుమారు 200 ప్రాంతమున బాప్తిస్మమును గూర్చి లాటిన్ భాషలో ప్రత్యేకగ్రంథము వ్రాసిన తెర్తుల్లియన్, నీటి బాప్తిస్మము నాక్షేపించిన వారిని తీవ్రముగా ఖండించుచునే, హతసాక్షి చిందించిన రక్తము అతనికి రెండవ స్నానమని యొప్పుకొనెను. అదే గ్రంథమున చిన్నబిడ్డలకు బాప్తిస్మ మిచ్చుటకు తొందరపడ వలదనియు సలహా యిచ్చెను. సంఘమునకు వెలుపల రక్షణ లేదన్న కార్తేజు బిషప్ కుప్రియాను సయితము ఉపదేశార్థులైన హతసాక్షుల విషయమున తలుపు తెరచియే యుంచెను. పిదప హింసలు తగ్గినవి. అప్పుడు వేరొక చిక్కు పుట్టినది. బాప్తిస్మానంతరము చేసిన పాపములకు క్షమాపణ దుర్లభమను భయముతో ధనికులును, అధికారులును దానిని మరణశయ్యవరకు వాయిదా వేయసాగిరి. కాన్‌స్టంటైన్ చక్రవర్తి 337లో మరణించుటకు ముందే గాని బాప్తిస్మము పొందలేదు. అంబ్రోసు 374లో మిలాను నగరపు బిషప్పుగా ఎన్నికైన నాటికి ఆయనకే బాప్తిస్మము కాలేదు.

ఆ యంబ్రోసే 392లో ఒక కఠినమైన సందర్భము నెదుర్కొనవలసి వచ్చెను. ఇరువది యేండ్లు దాటిన యువచక్రవర్తి రెండవ వాలెంటినియన్, తనకు బాప్తిస్మ మీయ రమ్మని అంబ్రోసునకు కబురంపి, ఆయన చేరకమునుపే గాల్ దేశములో వియెన్ నగరమున దుర్మరణము పాలయ్యెను. శవపేటికకు పక్కన అతని సోదరీమణులు దుఃఖించుచుండగా బిషప్ ఏమి చెప్పవలెను? అతడు కోరెను, అడిగెను. ఆ కోరికయే దేవుని యెదుట చాలునని అంబ్రోసు సంతాపోపన్యాసమున ధైర్యముగా పలికెను. 'ఆకాంక్షా బాప్తిస్మ'మని పిదప కథోలిక వేదాంతమున స్థిరపడిన భావమునకు ఇది మూలస్తంభములలో నొకటి. ఏకాంతమున గ్రంథరచన చేయుచు కాదు, దుఃఖితుల యెదుట నిలిచి మాటలాడవలసి వచ్చినప్పుడే ఆ భావము ఇంత స్పష్టముగా వెలువడినదని నేను ప్రత్యేకముగా గుర్తింపగోరుచున్నాను.

కోరగల పెద్దవారి సంగతి ఇట్లు కొంత తేలినది. కోరనేరని శిశువుల సంగతి యేమి? క్రైస్తవ వేదాంతచరిత్రలో ఇంతకంటె హృదయవిదారకమైన యధ్యాయము నే నెఱుగను. నాల్గవ శతాబ్ది చివర కాన్‌స్టాంటినోపిలులో నజియాంజసు గ్రెగరీ, తమ తప్పిదము లేకయే బాప్తిస్మము తప్పిపోయిన శిశువులకు మహిమయు లేదు, శిక్షయు లేదని మధ్యేమార్గముగా చెప్పెను. అగస్టీను దీని నంగీకరింపలేదు. ఆదాము పాపము ప్రతి శిశువునకును సంక్రమించు ననియు, కృప లేనిదే ఎవ్వడును రక్షింపబడ డనియు దీని నొప్పుకొనని పెలాగియసు వర్గీయులతో వాదించుచు, శిశువులకు పాపమే లేనిచో సంఘము వారికి పాపక్షమాపణార్థము బాప్తిస్మ మిచ్చుట యేల యని నిలదీసెను. 418లో కార్తేజున కూడిన సభ ఆయన పక్షమును స్థిరపరచెను. తర్కము నిలిచినది, కాని దాని ఫలముగా, నీరు తగులకయే చనిపోయిన పసికందు శిక్షార్హుడే యని యాయన యొప్పుకొనవలసి వచ్చెను. ఆ శిక్ష అన్నింటిలోను మిక్కిలి స్వల్పమైనదని మాత్రము చేర్చెను. ఇదే మహానుభావుడు సిలువమీది దొంగ విషయమున, కాలము చాలనప్పుడు విశ్వాసమును హృదయపరివర్తనమును బాప్తిస్మలోపమును పూరింపగలవని మొదట వ్రాసి, ముసలితనమున తన గ్రంథములను తానే పునఃపరిశీలించుకొనుచు, ఆ దొంగ బాప్తిస్మము పొందలేదని నిశ్చయముగా చెప్పలేమని సందేహము వెలిబుచ్చెను. అంతటి మేధావికి సైతము ఈ ప్రశ్న జీవితాంతమువరకు కుదుట పడలేదు.

మధ్యయుగముల వేదాంతులు అగస్టీను కాఠిన్యమును భరింపజాలక ఆ శిశువులకు 'లింబో' యను నొక స్థానమును కల్పించిరి. అక్కడ దైవదర్శనము లేదు గాని బాధయు లేదు. తాము కోల్పోయినదేమో యెఱుగని కారణమున వారు దుఃఖింపక సహజానంద మనుభవింతు రని థామస్ అక్వీనాసు వివరించెను. ఇది సంఘము శాసనముగా ప్రకటించిన సిద్ధాంతము కాదు, వేదాంతుల యూహ మాత్రమే. అయినను శతాబ్దులపాటు తల్లిదండ్రులు దానినే వినిరి. ఊహ ఎంత మృదువైనను ఆచరణము మృదువు కాలేదు. బాప్తిస్మము లేని శిశువునకు పవిత్రభూమిలో సమాధి లేదు. ఐర్లండులో అట్టి పసికందులను ఊరి పొలిమేరలలో, పాడుబడిన కోటల దిబ్బలలో పాతిపెట్టిన చోట్లు నేటికిని చూపుదురు. ఆంగ్లికను సంఘపు 1662 నాటి ప్రార్థనగ్రంథము సైతము బాప్తిస్మము లేక మరణించినవారికి తన భూస్థాపనక్రమమును చదువరాదని శాసించినది.

ఈ భయమునుండియే మరియొక యాచార మేర్పడెను. ప్రాణాపాయమున ఎవరైనను బాప్తిస్మము (కథోలికుల మాటలో జ్ఞానస్నానము) ఈయవచ్చును. మంత్రసాని యైనను సరే, సంఘము చేయునది చేయవలెనను తలంపుతో చేసిన యెడల అన్యమతస్థుడైనను సరే యని 1439లో ఫ్లోరెన్సు మహాసభ స్పష్టపరచినది. దీనిని కాఠిన్యమని యెంచువారు తొందరపడుచున్నారని నా యభిప్రాయము. ద్వారము ఒక్కటే యని నమ్మిన సంఘము ఆ ద్వారపు తాళపుచెవిని ప్రపంచములోని ప్రతి మనుష్యుని చేతికి నిచ్చినది, ఇది కరుణయే. కాని ఆ కరుణ యెంత వ్యాకులముగా మారగలదో తెలియుటకు, గర్భస్థశిశువులకు జ్ఞానస్నాన మిచ్చు విధానములను గూర్చి సిసిలీ పురోహితుడు కాంజియామిలా 1745లో ఒక పెద్ద గ్రంథమే వ్రాసెనని చెప్పిన చాలును. అంతకు రెండు శతాబ్దుల ముందే కార్డినల్ కాయెటాన్, గర్భముననే మరణించు శిశువులకు తల్లిదండ్రుల కోరికయే జ్ఞానస్నానమునకు మారుగా నిలుచునేమో యని వ్రాసి యుండెను గాని, ఐదవ పయస్ పోపు ఆజ్ఞచే ఆ భాగము ఆయన గ్రంథమునుండి తొలగింపబడినది. కథోలిక సంఘము ఆ ద్వారముకడకు తిరిగి వచ్చుటకు నాలుగు శతాబ్దులకు పైగా పట్టినది. 1992 నాటి సత్యోపదేశ గ్రంథము అట్టి శిశువులను దేవుని కనికరమునకు అప్పగించినది. 2007లో అంతర్జాతీయ వేదాంత సంఘము ప్రకటించిన పత్రము వారి రక్షణనుగూర్చి నిరీక్షించుటకు గట్టి కారణములు కలవని చెప్పినది. 1983 ధర్మశాస్త్రము, జ్ఞానస్నాన మిప్పింపగోరిన తల్లిదండ్రుల శిశువునకు సంఘమర్యాదతో భూస్థాపన జరుప ననుజ్ఞ నిచ్చినది.

ట్రెంటు మహాసభ 1547లో జ్ఞానస్నానము ఐచ్ఛికమనియు, రక్షణ కావశ్యకము కాదనియు చెప్పువారిని బహిష్కరించిన మాట సత్యము. అదే మహాసభ అదే సంవత్సరమున, నీతిమంతత్వమును గూర్చిన శాసనములో జ్ఞానస్నానమును గాని, దానియెడ కోరికను గాని పేర్కొన్న మాటయు అంతే సత్యము. ఈ రెండవ మాటను విస్మరించి, బాస్టను నగరమున ఫీనీ యను పురోహితుడు సంఘమునకు వెలుపల నున్నవారందఱును నశింతురని మొండిగా బోధింపగా, రోము 1949లో ఆ భావమును ఖండించి, 1953లో ఆయనను వెలివేసినది. సంఘమునకు వెలుపల రక్షణ లేదని బోధించిన ఆయనయే సంఘమునకు వెలుపల పడవలసి వచ్చెను. సుమారు ఇరువది యేండ్ల పిమ్మట సంఘము ఆయనను తిరిగి చేర్చుకొన్నది. రెండవ వాటికన్ మహాసభ 1964లో, తమ దోషము లేకయే సువార్త నెఱుగక, మనస్సాక్షి ననుసరించి దేవుని వెదకువారికి సయితము రక్షణ సాధ్యమని ప్రకటించినది. దేవుడు రక్షణను సంస్కారముతో బంధించెను గాని తాను సంస్కారములచే బద్ధుడు కాడను భావమును 1992 గ్రంథము స్పష్టముగా స్వీకరించినది. ప్రాచ్య సనాతన సంఘములు ఇంత సూక్ష్మమైన తర్కములోనికి దిగలేదు. శిశువులను ముమ్మారు ముంచి, వెంటనే అభిషేకించి, ప్రభుభోజనమునుగూడ ఇచ్చు ఆ సంఘములు వారసత్వముగా వచ్చు నేరభారమును గూర్చిన అగస్టీను బోధను పూర్తిగా నెన్నడును స్వీకరింపలేదు గనుక లింబో వారికి అవసరమే కాలేదు.

సంస్కరణోద్యమమున కేవలవిశ్వాసమూలమున రక్షణ యని చాటిన లూథరు బాప్తిస్మమును తేలిక చేసెనని మనలో ననేకులు భ్రమింతురు. ఆయన సంఘపు 1530 నాటి ఆగ్సుబర్గు విశ్వాసప్రమాణము బాప్తిస్మము రక్షణ కావశ్యకమని తొమ్మిదవ యధికరణమున స్పష్టముగ చెప్పుచున్నది. లూథరు దృష్టిలో బాప్తిస్మము మనుష్యుడు చేయు క్రియ కాదు, దేవుడు చేయు క్రియ; కనుక దానిని నమ్ముట క్రియలను నమ్ముట కాదు. శోధనలు చుట్టుముట్టినప్పుడు తాను బాప్తిస్మము పొందినవాడనని జ్ఞాపకము చేసికొని యాయన ధైర్యము తెచ్చుకొనెడివాడు. ఐనను 1542లో గర్భస్రావమైన స్త్రీల నోదార్చుచు వ్రాసిన చిన్న పుస్తకమున, తల్లి నిట్టూర్పులను, మాటలకు రాని యామె కోరికను దేవుడు ప్రార్థనగా నాలకించునని యాయన వ్రాసెను. అంబ్రోసు చక్రవర్తిని గూర్చి పలికినదానిని లూథరు పేరు పెట్టని పసికందులకు విస్తరింపజేసెను. బాప్తిస్మము లేకపోవుట కాదు, దానిని తిరస్కరించుటయే శిక్షకు హేతువను ప్రాచీనసూత్రము లూథరను సంఘములలో నేటికిని ప్రమాణము.

కాల్విను మరింత ముందునకు పోయెను. బాప్తిస్మము వాగ్దానపత్రముపై వేయబడు ముద్రవంటి దనియు, పత్రములోని మాట లేనిదే ముద్రకు విలువ లేదనియు బోధించి, విశ్వాసుల శిశువులు పుట్టుకతోనే నిబంధనకు చెందినవారు గనుక మంత్రసానులు హడావిడిగా నీరు చిలకరింప నవసరము లేదని ఆ యాచారమునే నిషేధించెను. ఎన్ని తరముల తల్లుల గుండెలపైనుండి ఎంత భారము దిగినదో ఊహింపుడు. 1646 నాటి వెస్టుమినిస్టరు ప్రమాణము దీనిని తూచినట్లు చెప్పినది: బాప్తిస్మమును ధిక్కరించుట గాని నిర్లక్ష్యపెట్టుట గాని మహాపాపము, ఐనను అది లేనిదే ఎవ్వరును రక్షింపబడ రనుట గాని, పొందిన వారందఱును నిశ్చయముగా నూతనజన్మ మొందినవారే యనుట గాని సరికాదు. ఇంగ్లండు సంఘమున ఈ వివాదము 1850 నాటి గోర్హాం తీర్పుతో న్యాయస్థానము కెక్కినది. శిశుబాప్తిస్మమున నూతనజన్మము తప్పక కలుగునని యొప్పుకొనని గోర్హాం అను పురోహితుని బిషప్ నిరాకరింపగా, ప్రివీ కౌన్సిలు న్యాయాధికారులు పురోహితుని పక్షమున తీర్పు చెప్పిరి. లౌకిక న్యాయస్థానము వేదాంతమును నిర్ణయించుట చూచి సహింపలేక మ్యానింగువంటి ఆంగ్లికను పురోహితులు మరుసటి యేట రోమా కథోలిక సంఘమున చేరిరి.

శిశుబాప్తిస్మమును నిరాకరించిన అనబాప్తిస్టుల కథ రక్తముతో వ్రాయబడినది. 1525 జనవరిలో జూరిచ్ నగరమున గ్రెబెల్, బ్లౌరాకునకు పెద్దవాని బాప్తిస్మ మిచ్చెను. రెండేండ్లు తిరుగకమునుపే వారి సహచరుడు ఫెలిక్సు మాంజును లిమ్మాత్ నదిలో ముంచి చంపిరి. ప్రాణము పోయినను తమ బాప్తిస్మమును విడువని వీరు, బాప్తిస్మమే రక్షించునని మాత్రము బోధింపలేదు. విశ్వసించినవాడు ప్రభువునకు చూపు మొదటి విధేయత యని మాత్రమే బోధించిరి. ఆవశ్యకమని నమ్మినవారికంటె ఆవశ్యకము కాదని నమ్మినవారే దానికొఱకు ఎక్కువ వెల చెల్లించిరి. క్వేకర్లు బాహ్యమైన నీటినే విడిచి అంతర బాప్తిస్మము చాలుననిరి. రక్షణసైన్యము 1883లో సంస్కారములను నిలిపివేసినది. వీరి భక్తిని, సేవను చూచిన ఏ మనుష్యుడును వీరు క్రీస్తునకు వెలియైన వారని చెప్ప సాహసింపడు. అమెరికాలో అలెగ్జాండరు క్యాంబెల్ అనుచరులు దీనికి విరుద్ధమైన దిశగా నడచి, పాపక్షమాపణార్థము ముంపు బాప్తిస్మము వలయునని బోధించిరి. మన తెలుగునాట 'క్రీస్తు సంఘము'లలో వినబడు బోధ యిదియే. కాని 1837లో ఒక సోదరి జాబునకు బదులు వ్రాయుచు క్యాంబెల్, మునుగని భక్తులలోను నిజమైన క్రైస్తవులు కలరని యంగీకరించి తన వారిలో ననేకులకు కోపము తెప్పించెను.

ఇక తెలుగుదేశమునకు వత్తము. 1842లో గుంటూరు చేరిన లూథరను మిషనెరీ హయ్యరు స్థాపించిన సంఘములు శిశువులకు చిలకరింపు బాప్తిస్మ మిచ్చినవి. ఒంగోలులో బాప్టిస్టు మిషనెరీ జాన్ క్లౌ నడపిన సంఘములు నమ్మినవారిని మాత్రమే ముంచినవి. ఇరుగుపొరుగు సీమలలో పక్కపక్కనే ఈ రెండు సమాధానములును వేళ్లూనినవి. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును మాడ్చిన మహాక్షామమున క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని వేలాది పేదలకు పని కల్పించెను. ఆ కాలమున వందలు వేలుగా జనులు బాప్తిస్మము నడిగిరి, ఆయన ఈయలేదు. బియ్యముకొఱకు వచ్చినవారని ఎవ్వరును వేలు చూపకుండుటకై, సహాయకార్యము ముగియువరకు పదునైదు నెలలపాటు బాప్తిస్మములను నిలిపి వేసెను. కరవులోను, దాని వెంట వచ్చిన కలరాలోను మరణించినవారిలో బాప్తిస్మ మడిగి పొందనివారు ఎందరో ఉండియే యుందురు. నీరు లేనిదే రక్షణ లేదని నమ్మిన పురోహితు డొక్కడైనను ఆ పదునైదు నెలలు నిబ్బరముగా నిలువగలిగెడివాడా? దీనికి భిన్నముగా, ఫ్రాన్సులో 1843లో పుట్టిన 'పవిత్ర బాల్యము' అను సంఘము చైనాలో మరణోన్ముఖులైన శిశువులకు జ్ఞానస్నాన మిప్పించుటకే దేశదేశములలో చందాలు పోగుచేసినది. ఒకే యార్తి, రెండు సిద్ధాంతములు దానిని రెండు వ్యతిరేకమార్గముల నడపినవి. కరవు తగ్గి, పనులు ముగిసి, ఇక ఈయదగిన దేమియు లేదని చెప్పిన తరువాతనే జనులు మరల వచ్చిరి. 1878 జులై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లికడ 2,222 మంది, అందులో అత్యధికులు మాదిగలు, ఒక్కనాడే బాప్తిస్మము పొందిరి. ఆరుగురు ప్రసంగీకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసికొని నీట నిలిచి యిచ్చిరి. అది లేనిదే నరకమని భయపెట్టిన బోధకు డెవ్వడును వారికి లేడు. ఊరి బావి నీటికి దూరముగా నుంచబడిన జనులు బాహాటముగా నదిలో దిగి, ఒక క్రొత్త పేరిట ఒక క్రొత్త సమాజమునకు చెందినవారై గట్టు నెక్కిరి. రక్షణ యనునది మరణానంతరపు గతి మాత్రమే కాదనుకొన్నచో, బాప్తిస్మము వారికి రక్షణలో భాగమే యైనది.

దీనికి ఎదురుగా మునిపల్లె వాస్తవ్యులు కలగర సుబ్బారావుగారి యుదాహరణము నుంచవలెను. 1942లో తమకు క్రీస్తుదర్శనమైనదని చెప్పిన ఈ కమ్మకులజుడు జీవితాంతము క్రీస్తునే గానము చేసెను, క్రీస్తు నామమున రోగుల కొఱకు ప్రార్థించెను, కాని బాప్తిస్మమును పొందలేదు సరికదా, దానిని ఘాటుగా విమర్శించెను. అది క్రీస్తును ఒక మతమునకు కట్టివేయు తాడని ఆయన వాదము. కాయ్ బాగో యను వేదాంతి 1968లో ఈ యుద్యమమును గూర్చి ఒక గ్రంథమే ప్రకటించెను. సుబ్బారావుగారి యాక్షేపమును తోసిపుచ్చుట సులభము కాదు. మన దేశమున బాప్తిస్మము ఆత్మకు సంబంధించిన క్రియ మాత్రమే గాక, కులమును, కుటుంబమును, ఆస్తిని, ప్రభుత్వపు రికార్డులను తాకు క్రియ కూడ నైనది. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు ననుసరించి క్రైస్తవుడైన దళితునకు షెడ్యూల్డు కులపు హోదా నిలువదు. హెర్బర్టు హోఫర్ 1991లో మద్రాసు ప్రాంతపు పరిశోధనతో వెలువరించిన గ్రంథము, సంఘములలో చేరకయే క్రీస్తును పూజించువారి సంఖ్య మన మూహించుదానికంటె మిక్కిలి యధికమని చూపినది. ఐనను సుబ్బారావుగారితో నేను పూర్తిగా ఏకీభవింపలేను. క్రీస్తు ఏర్పరచినదానిని కులాభిమానము పాడుచేసిన యెడల దానికి శిక్ష క్రీస్తు ఏర్పాటును మానివేయుట కారాదు. పైగా ఆ నీటిలోనే ఒంగోలు మాదిగవారు పొందిన సమత్వమును, నీరే వద్దన్న యుద్యమము వారి కీయగలిగెడిదా యని నా సందేహము.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘము ఆంగ్లికనులను, మెథడిస్టులను, ప్రెస్బిటీరియనులను, కాంగ్రిగేషనలిస్టులను ఒక్కటి చేసినది గాని బాప్టిస్టులు బయటనే యుండిపోయిరి. 1970లో పుట్టిన ఉత్తర ఇండియా సంఘము శిశుబాప్తిస్మమును, విశ్వాసబాప్తిస్మమును రెండింటిని సమానమైన మార్గములుగా నంగీకరించి బాప్టిస్టులను సయితము చేర్చుకొన్నది. 1982లో పెరూ దేశపు లీమాలో సిద్ధమైన ప్రపంచ సంఘముల మండలి పత్రము, బాప్తిస్మము మరల చేయరానిదనియు, మరల చేసినట్లు తోచు ఏ యాచారమును పాటింపరాదనియు కోరినది. మన పల్లెలలో దీనికి విరుద్ధముగా జరుగుచున్నది. చిలకరింపు పొందిన వానిని ముంపు సంఘమువారు తిరిగి ముంచుచున్నారు. తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామమున మునిగినవానిని యేసు నామమున మరల మునుగుమని మరియొకరు చెప్పుచున్నారు. ఒక్కొక్కరు తమ నీటికే రక్షణను ముడివేయుటచే, చిన్ననాటినుండి ప్రభువును ప్రేమించిన ముసలివారు తమ రక్షణను గూర్చియే సంశయములో పడి మరణించుట నేను స్వయముగా చూచితిని. దీనికంటె శోచనీయమైన దేమున్నది?

ఈ సమీక్షవలన నాకు తేలిన దిది. బాప్తిస్మము విన్నవానికి, చేయగలవానికి ఆవశ్యకము. ప్రభువు చెప్పినదానిని తెలిసియు త్రోసిపుచ్చువాడు తన విశ్వాసమును తానే యనుమానింపవలెను. చేయలేనివానిని, విననివానిని, నోరు తెరచి యడుగకమునుపే చనిపోయిన పసివానిని దేవుడు ఆ కారణమున విడుచునని చెప్పుటకు ఏ సంఘమునకు నధికారము లేదు; అట్లు చెప్పిన సంఘములు సైతము కాలక్రమమున ఆ మాటను వెనుకకు తీసికొనవలసియే వచ్చినది. కావున తెలుగు సంఘముల కాపరులకును, పెద్దలకును నేను చేయు విన్నప మొక్కటి: పొరుగు సంఘపు బాప్తిస్మమును బాప్తిస్మముగా నంగీకరింపుడు; ఇంటివారికి వెరచి నీటిలో దిగలేక, ఐనను మీ యారాధనలో వెనుక వరుసను కూర్చుండి ప్రార్థించు స్త్రీని అన్యురాలని పిలువకుడు; బాప్తిస్మము కాని శిశువు చనిపోయిన యింటికి అందఱికంటె ముందు వెళ్లి, మీ శ్మశానమున చోటిచ్చి, భూస్థాపన ప్రార్థనను మీ నోటనే చదువుడు.